చెప్పులు కొనే ముందు పాదం కొలవాలి

చెప్పుల కొట్లో వినిపించే మొదటి ప్రశ్న "ఎంత నంబరండీ?" అని. ఏడో, ఎనిమిదో చెప్పేస్తారు. అది చాలామందికి కాలేజీ రోజుల్లో ఎవరో చెప్పిన అంకె. ఆ తరవాత పాదం కొలిచినవాళ్ళు లేరు. జాకెట్టు కుట్టించుకోవడానికి పది చోట్ల టేపు పెట్టించుకునేవాళ్ళు కూడా రోజంతా ఒంటి బరువు మోసే పాదానికి ఒక్క అంకెతో సరిపెట్టుకుంటారు. ఆనెకాయలు, వంకరపోయిన వేళ్ళు, గోరు చర్మంలోకి దిగి చీము పట్టడం వంటి బాధల్లో చాలా వాటికి మూలం ఈ సరిపెట్టుకోవడమే.

ఆ అంకె చెప్పేది పొడవు ఒక్కటే. మన దేశంలో చలామణీలో ఉన్నది ఇంగ్లండు నుంచి వచ్చిన కొలత. అందులో ఒక సైజుకూ దాని పై సైజుకూ మధ్య తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. పెట్టెల మీద 41, 42 అని కనిపించేవి ఐరోపా అంకెలు. వాటి మధ్య తేడా ఇంకొంచెం తక్కువ. ఇంతకీ జోడు ఆకారాన్ని నిర్ణయించేది అంకె కాదు, అచ్చు. పాదాన్ని పోలిన ఆ అచ్చు మీద తోలునో రెగ్జిన్‌నో లాగి బిగించి, కింద అడుగు అతికిస్తారు. ఏ కంపెనీ అచ్చు దానిదే. అందుకే ఒక కంపెనీ ఎనిమిది వదులుగా ఉంటే మరో కంపెనీ ఎనిమిది కరుస్తుంది. ఇంగ్లండులో ఒకే పొడవులో సన్న పాదానికొకటి, వెడల్పు పాదానికొకటి తయారుచేసే పద్ధతి ఉంది. మన కొట్లలో మాత్రం వెడల్పు సంగతి అడిగేవారూ తక్కువ, చూపించేవారూ తక్కువ.

ఇదే మనకు పెద్ద నష్టం. చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలను త్రీడీ యంత్రాలతో కొలిచింది. పాశ్చాత్యులతో పోలిస్తే భారతీయుల పాదాలు సాధారణంగా వెడల్పుగా ఉన్నాయని అందులో తేలింది. ఆ కొలతల ఆధారంగా 'భ' అనే కొత్త సైజు విధానాన్ని ఆ సంస్థ ప్రతిపాదించింది. చంటిపిల్లల నుంచి పెద్దల దాకా వయసును బట్టి, ఆడా మగా తేడాను బట్టి ఎనిమిది తరగతులు అందులో ఉన్నాయి. పరాయి పాదాల కోసం గీసిన అచ్చుల్లో మన కాళ్ళను ఇరికించుకుంటూ వచ్చాం కాబట్టి, ఇది ఎప్పుడో జరగాల్సిన పని.

వెడల్పు చాలనప్పుడు జనం చేసే పని ఒకటుంది: ఒక సైజు పెద్దది తీసుకుంటారు. ముందుభాగం కాస్త వదులవుతుంది, కొట్లో హాయిగానే ఉంటుంది. కానీ బూటు వంగే చోటు పాదం వంగే చోటుకు ముందుకు జరిగిపోతుంది. వేళ్ళ మొదళ్ళ దగ్గర పాదం వంగుతుంటే అక్కడ అడుగు బిరుసుగా ఉంటుంది. మడమ వెనక ఖాళీ మిగిలి, అడుగు తీసినప్పుడల్లా పైకీ కిందికీ ఒరుసుకుని బొబ్బలెక్కుతుంది. బూటు జారకుండా వేళ్ళు లోపల కొంకర్లు తిరిగి అడుగును పట్టుకుంటాయి. ఒక బాధను తప్పించుకోబోయి మూడు బాధలు కొనుక్కున్నట్టు అవుతుంది. పొడవు సరిపోయినదాంట్లోనే వెడల్పున్న రకం వెతుక్కోవడం ఒక్కటే దీనికి దారి.

ఇరుకు ముందుభాగం ఎంత చేటు చేస్తుందో ఎముకలే సాక్ష్యం చెప్పాయి. ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ పట్టణంలో మధ్యయుగాల నాటి 177 అస్థిపంజరాలను పరిశీలించిన అధ్యయనం 2021లో వెలువడింది. 11 నుంచి 13వ శతాబ్దం వరకు బతికినవారిలో బొటనవేలు పక్కకు వాలిపోయి, దాని మొదట్లో బుడిపె లేచిన పాదాలు ఆరు శాతం. 14, 15 శతాబ్దాల వారిలో అవి 27 శాతం. మధ్యలో వచ్చిన మార్పు, కొన పొడవుగా సూదిలా ఉండే పులేన్ అనే జోళ్ళ మోజు. అలా వేలు వంకరపోయిన వృద్ధుల ఎముకల్లో, కింద పడినప్పుడు ఏర్పడే విరుగుళ్ళు కూడా ఎక్కువగా కనిపించాయి. ఈ వంకరకు వంశపారంపర్యం కూడా ఒక కారణమన్న మాట నిజం. ఇంట్లో తల్లికో నాయనమ్మకో ఆ బుడిపె ఉంటే, మిగతా వాళ్ళు కొనతేలిన బూట్ల జోలికి వెళ్ళకపోవడం మంచిది.

బొటనవేలికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, నడకలో చివరి తోపు దానిదే. అరికాలి కింద మడమ నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా గట్టి పట్టీ లాంటి కణజాలం ఉంటుంది. మడమ లేచి బొటనవేలు వంగినప్పుడు ఆ పట్టీ బిగుసుకుని అరికాలి వంపును పైకి లాగుతుంది. అంతవరకు మెత్తగా నేలకు ఒదిగిన పాదం ఒక్క క్షణంలో గట్టిపడి శరీరాన్ని ముందుకు నెడుతుంది. ఈ పనితీరును హిక్స్ అనే పరిశోధకుడు 1954లో వివరించాడు. వేలు పక్కకు ఒరిగిపోయినా, వంగడానికి చోటు లేకపోయినా ఈ ఏర్పాటు కుంటుపడుతుంది. ఆ భారం పక్క వేళ్ళ మొదళ్ళ మీద పడి, అక్కడ చర్మం కాయ కాస్తుంది. అరికాలి ముందుభాగంలో ఏళ్ళ తరబడి కోయించుకునే ఆనెకాయ వెనక చాలాసార్లు ఉండేది ఈ కథే. ఆనెకాయను కోయించి అదే జోడు మళ్ళీ తొడుక్కుంటే అది మళ్ళీ వస్తుంది.

సరిపోని జోళ్ళు అరుదేమీ కాదు. పాదరక్షల కొలతల మీద వచ్చిన పరిశోధనలను ఆస్ట్రేలియా పరిశోధకులు 2018లో సమీక్షిస్తే, పొడవులోనో వెడల్పులోనో పాదానికి సరిపడని జోళ్ళు వేసుకునేవారు 63 నుంచి 72 శాతం వరకు ఉన్నట్టు తేలింది. పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. కావలసింది తెల్ల కాగితం, పెన్సిలు, సాయం పట్టే ఒక మనిషి.

సాయంత్రం, కాళ్ళు కాస్త ఉబ్బి ఉన్న వేళలో, కాగితం మీద రెండు కాళ్ళ మీదా సమానంగా బరువు వేసి నిలబడాలి. కూర్చుని గీస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే బరువు పడ్డప్పుడు పాదం పొడవుకూ వెడల్పుకూ పరుచుకుంటుంది. పెన్సిలును నిటారుగా పట్టి పాదం చుట్టూ గీయాలి. అది లోపలికి వాలితే గీత అరికాలి వంపు కిందికి దూరిపోయి పాదం సన్నగా కనిపిస్తుంది. రెండు పాదాలూ విడివిడిగా గీయాలి. చాలామందికి అవి ఒకే కొలతలో ఉండవు, పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. అందరిలో బొటనవేలే పొడుగని కూడా అనుకోకూడదు, కొందరిలో దాని పక్క వేలు ముందుకు ఉంటుంది. ఇప్పుడు రోజూ వేసుకునే బూటు లోపలి అట్టను బయటికి తీసి ఆ బొమ్మ మీద పెట్టాలి. అట్ట ఊడి రాని రకమైతే బూటునే బోర్లించకుండా దాని మీద ఉంచి చూడవచ్చు. పొడుగు వేలికి ముందు సెంటీమీటరు నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల వరకు ఖాళీ కనిపించాలి. పక్కల విషయానికొస్తే, పాదం గీత అట్టను దాటి ఎక్కడ బయటికి వచ్చిందో అక్కడే చర్మం ఎర్రబడి ఉండటమో కాయ కాసి ఉండటమో గమనించవచ్చు. చిటికెన వేలి బయటి వైపు, బొటనవేలి మొదలు... ఎక్కువగా ఈ రెండు చోట్లే. ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని కొట్టుకు వెళ్తే, నంబరు చెప్పడం కన్నా నయంగా పని జరుగుతుంది.

అక్కడ ఇంకో మాట వినిపిస్తుంది: "వేసుకోగా వేసుకోగా వదులవుతుందండీ." అసలైన తోలయితే వెడల్పులో కొద్దిగా సాగుతుంది, పొడవులో సాగదు. రెగ్జిన్ దాదాపు సాగదు. ఈలోగా సర్దుకుపోయేది పాదమే. కొట్లో రెండు కాళ్ళకూ తొడిగి, నాలుగు నిమిషాలు నడిచి, ఎక్కడా నొక్కకపోతేనే డబ్బులు చెల్లించాలి. ఆన్‌లైన్‌లో కొంటే ఇంట్లో నేల మీద పరిచిన దుప్పటి మీద నడిచి చూసి, ఇరుకనిపిస్తే మొహమాటం లేకుండా తిప్పి పంపాలి.

కొలత తరవాత చూడవలసింది, ఆ జోడు పాదాన్ని ఎక్కడ పట్టి ఉంచుతోందన్నది. దీన్ని పట్టించుకునేవారు తక్కువ గానీ, సగం విషయం ఇందులోనే ఉంది. లేసు బూటుకూ, వెల్క్రో పట్టీ ఉన్న శాండల్‌కూ పట్టు పాదం పైభాగంలో, చీలమండకు కాస్త ముందు ఉంటుంది. అక్కడ బిగిస్తే ముందు వేళ్ళకు స్వేచ్ఛ దొరుకుతుంది. కట్‌షూకు ఆ పట్టు లేదు. కాలి నుంచి ఊడకుండా ఉండాలంటే అది ముందుభాగంలోనైనా బిగుతుగా ఉండాలి, మడమనైనా నొక్కాలి. అమ్మాయిలు కాలేజీలకూ ఆఫీసులకూ వేసుకునే బెల్లీల పరిస్థితి మరీ కష్టం. వేళ్ళ కొనలూ మడమ వెనకభాగమూ తప్ప వాటికి పట్టుకోవడానికి వేరే చోటే లేదు. ఒక పల్చని పట్టీ అడ్డంగా ఉన్న బెల్లీ, పట్టీ లేనిదాని కన్నా ఎంతో మేలు.

హవాయి చెప్పుకు వెనక పట్టే లేదు. వేళ్ళు దాన్ని పట్టుకోకపోతే జారిపోతుంది. అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2008లో పరిశీలించినప్పుడు, ఇలాంటి చెప్పులు వేసుకున్నవారు బూట్లు వేసుకున్నవారి కన్నా చిన్న అడుగులు వేస్తున్నట్టు కనిపించింది. హవాయి చెప్పును చెడ్డదని తీసిపారేయడం న్యాయం కాదు. గాలి ఆడుతుంది, తడిస్తే క్షణాల్లో ఆరుతుంది, వానాకాలంలో వేళ్ళ సందులు నానిపోకుండా కాపాడుతుంది, అందరికీ అందే ధరలో దొరుకుతుంది. పాల పాకెట్టుకు వెళ్ళిరావడానికి దాన్ని మించినది లేదు. అదే చెప్పుతో రోజుకు ఎనిమిది, పది గంటలు నిలబడి, తిరిగి పనిచేయవలసి వస్తే మాత్రం పిక్కలూ మడమలూ పీకుతాయి. ఆ పని చేసేవారికి వెనక పట్టీ ఉన్న శాండల్ అవసరం. ఉన్న చెప్పులకే వెనక పట్టీ కుట్టించుకునే వీలు కూడా ఉంటుంది. వీధి చివర చెప్పులు కుట్టే ఆయనకు చూపిస్తే, కుట్టు నిలుస్తుందో లేదో అడుగు చూసి చెబుతారు.

అడుగు సంగతికి వస్తే, మెత్తదనమే మంచితనమనే నమ్మకం బాగా పాతుకుపోయింది. వేలితో నొక్కితే లోపలికి పోయే స్పాంజి అట్ట కొట్లో రెండు నిమిషాలు సుఖంగా ఉంటుంది. బరువైన మనిషి దాని మీద రోజంతా నిలబడితే అందులోని గాలి గదులు అణగిపోతాయి, కొన్ని నెలల్లో మడమ చోట గుంట పడుతుంది. మరీ మెత్తని అడుగు మీద చీలమండ అటూ ఇటూ ఊగకుండా చూసుకోవడానికి కండరాలు అదనంగా శ్రమిస్తాయి. మెత్తగా ఉండాలి గానీ, కింద ఒక గట్టి పొర దాన్ని మోయాలి. చేతిలోకి తీసుకుని రెండు కొనలూ దగ్గరికి వంచినప్పుడు బూటు వేళ్ళ మొదళ్ళ దగ్గర వంగాలి. సరిగ్గా నడిమికి మడతపడేది అరికాలి వంపును మోయలేదు. తువ్వాలు పిండినట్టు మెలితిప్పితే పూర్తిగా తిరిగిపోకూడదు. మడమ వెనకభాగాన్ని బొటనవేలితో నొక్కితే అది అణగకుండా నిలబడాలి.

ఎత్తు మడమల గురించి మహిళలకు చేసే ఉపదేశాలు ఇప్పటికే ఎక్కువ. పెళ్ళికో పేరంటానికో రెండు గంటలు వేసుకుంటే ముంచుకొచ్చే ప్రమాదమేమీ లేదు. రోజూ వేసుకున్నప్పటి సంగతి వేరు. కనీసం రెండేళ్ళుగా ఎత్తు మడమలు వాడుతున్న మహిళల పిక్కలను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, వారి పిక్క కండరాల పోగులు మిగతావారి కన్నా పదో వంతుకు పైగా పొట్టిగా ఉన్నాయి, పిక్కను మడమకు కలిపే తాడులాంటి స్నాయువు బిరుసెక్కి ఉంది. అలాంటివారు ఉన్నట్టుండి చదును చెప్పులకు మారితే మొదట నొప్పి ఎక్కువవుతుంది. ఎత్తును విడతలుగా తగ్గించుకోవాలి. దీనికి పూర్తిగా ఎదురు కొసన ఉన్న పల్చటి అడుగు 'బేర్‌ఫుట్' బూట్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. వాటితో నడిస్తే పాదం కండరాలు బలపడతాయని అధ్యయనాలు చూపిన మాట నిజమే. తొందరపడి వాటితో పరుగులు తీసినవారిలో పాదాల ఎముకల లోపల వాపు కనిపించిందని కూడా అధ్యయనాలే చెప్పాయి.

ఇంతకీ డబ్బు ఏ జత మీద పెట్టాలి? ఎక్కువ ఇళ్ళలో ఖరీదైన జత పెట్టెలో ఉంటుంది, చవక జత రోజుకు పన్నెండు గంటలు పనిచేస్తుంది. లెక్క తిరగబడాలి. పైగా పెట్టెలో దాచిన జోడు భద్రంగా ఉంటుందన్న భరోసా కూడా లేదు. బూట్ల అడుగులకు విరివిగా వాడే పాలీయురేథేన్‌లో కొన్ని రకాలు గాలిలోని తేమను పీల్చుకుని లోలోపల విరిగిపోతాయి. విశాఖపట్నం, కాకినాడ లాంటి తీరప్రాంతపు ఉక్కలో అయితే మరీను. మూడు నాలుగేళ్ళు బీరువాలో ఉన్న బూట్లు పెళ్ళి మండపంలో పిండిలా రాలిపోవడానికి కారణం ఇదే. రోజువారీ వాడకానికి ఒక ఖరీదైన జత కన్నా మధ్యరకం జతలు రెండు మేలు. ఒకరోజు చెమటకు తడిసినది మర్నాడంతా ఆరుతుంది, దుర్వాసనా ఫంగసూ తగ్గుతాయి.

నిలబడి చేసే ఉద్యోగాల వారికి మంచి జోడు ఉపశమనం మాత్రమే ఇవ్వగలదు. బట్టల దుకాణాల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే అమ్మాయిల కాళ్ళకు కావలసింది ముందుగా ఒక కుర్చీ. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల చట్టాలను సవరించి సిబ్బందికి కూర్చునే వీలు కల్పించాలని ఆదేశించాయి. ప్రతి దుకాణంలోనూ అది అమలు కావాలి.

ఇంటి గడప లోపల మరో చిక్కు ఉంది. చెప్పులు బయట విడిచి లోపలికి రావడం మన అలవాటు, శుభ్రతకు మంచిదే. అయితే మట్టి నేలల, పేడతో అలికిన నేలల కాలం పోయి గ్రానైటు, టైల్సు వచ్చాయి. వంటగదిలో గంటల తరబడి వాటి మీద వట్టి కాళ్ళతో నిలబడేవారికి, అందులోనూ పొద్దున లేచి మొదటి అడుగు వేయగానే మడమలో పోటు పొడిచినట్టుండే వారికి, ఆ గట్టి నేల నొప్పిని పెంచుతుంది. ఆరోగ్యంగా ఉన్నవారు ఇంట్లో వట్టి కాళ్ళతో తిరిగితే తప్పేమీ లేదు, వేళ్ళకు వ్యాయామం కూడా. మడమ నొప్పి ఉన్నవారికి మాత్రం వాకిలి దాటని, ఇంట్లోకి మాత్రమే వాడే ఒక మెత్తని జత ఉండాలి. రాత్రిపూట బాత్రూముకు వెళ్ళే పెద్దవాళ్ళకు అరిగి నున్నబడ్డ స్లిప్పర్లు ఇవ్వడం అస్సలు మంచిది కాదు. వారికి వెనక పట్టు ఉండి, అడుగున గాట్లు అరగనివే వాడాలి.

పిల్లల విషయంలో మన దేశంలోనే జరిగిన ఒక పరిశోధన ప్రపంచమంతటా ప్రస్తావనకు వస్తుంటుంది. మణిపాల్‌కు చెందిన వైద్యులు 2,300 మంది పిల్లల పాదముద్రలను పరిశీలించి 1992లో ఫలితాలు ప్రచురించారు. పాదరక్షలు వాడే పిల్లల్లో చదును పాదాలు 8.6 శాతం, వాడని పిల్లల్లో 2.8 శాతం. ముందు మూసి ఉన్న బూట్లు వాడేవారిలో ఎక్కువ, చెప్పులూ శాండల్స్ వాడేవారిలో తక్కువ. పిల్లలను ముళ్ళలో, గాజుపెంకుల్లో వట్టి కాళ్ళతో తిప్పమని దీని అర్థం కాదు. ఇంట్లో, ఇసుకలో, గడ్డిలో ఆడుకునేటప్పుడు బూట్లు విప్పేయాలి. బడికి నల్ల బూట్లే కావాలని పట్టుబట్టే యాజమాన్యాలు, వేసవిలోనైనా పట్టీ శాండల్స్‌కు అనుమతిస్తే పిల్లల పాదాలకు మేలు చేసినవారవుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ప్రభుత్వ బడుల పిల్లలకు పుస్తకాలు, యూనిఫాంతో పాటు బూట్లూ సాక్సులూ అందుతున్నాయి. మంచి పని. బడి ఈడు పిల్లల పాదం ఆగకుండా పెరుగుతుంటుంది కాబట్టి, కొలత తీసుకున్న రోజుకూ జత చేతికి వచ్చే రోజుకూ మధ్య నెలలు గడిస్తే ఆ కొలత పాతబడుతుంది. ఇరుకైన బూటు వేసుకున్న పిల్లలు నొప్పి అని చెప్పరు, సాధారణంగా వాటిని విప్పేసి నడుస్తారు. అది చూసి తిట్టకుండా ముందు వేలి దగ్గర నొక్కి చూడాలి. అన్న బూట్లు తమ్ముడికి వేసే అలవాటుకు స్వస్తి చెప్పాలి. అడుగున అప్పటికే ఒకరి నడక అచ్చు పడి ఉంటుంది.

మధుమేహం ఉన్నవారికి ఇది సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు, కాలు నిలుపుకోవడానికి సంబంధించినది. దేశంలో మధుమేహం ఉన్నవారు పది కోట్లకు పైనేనని భారతీయ వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన సర్వే తేల్చింది. చక్కెర ఏళ్ళ తరబడి అదుపు తప్పితే పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ పోతుంది. చెప్పు కరిచినా తెలియదు, రాయి గుచ్చుకున్నా తెలియదు. హవాయి చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియకుండా నడిచిపోయేవారున్నారు. నొప్పి లేకపోవడం ఎంత ప్రమాదమో మొదట చూపించింది వెల్లూరు. 1946లో అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠు రోగుల వేళ్ళు రోగం వల్ల వాటంతట అవే కుళ్ళిపోవడం లేదని, స్పర్శ లేని చోట పదేపదే తగిలే దెబ్బలూ ఒత్తిళ్ళూ వాటిని పోగొడుతున్నాయని నిరూపించాడు. ఒత్తిడిని అరికాలంతటా పంచే మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు ఆ కృషిలోంచే వాడుకలోకి వచ్చాయి. ఈనాడు మధుమేహ రోగులకు డాక్టర్లు రాసే ఎంసీఆర్ చెప్పులు అవే.

వీరి జోడు లోపలి పొడవు పాదం కన్నా ఒకటి, రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి, వేళ్ళ పైన కూడా ఎడం ఉండాలి, వెనక పట్టీ తప్పనిసరి. వేలి సందులో దూరే పట్టీ వద్దు, అక్కడి పుండు కంటికి కనిపించదు. స్పర్శ తగ్గినవారు ఇంట్లో కూడా వట్టి కాళ్ళతో నడవకూడదని అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. మనకు ఇది కష్టమైన మాట, ఎందుకంటే గుడిలో చెప్పులు వేసుకోలేం. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కాలిన బండల మీద ప్రదక్షిణ చేసి, సాయంత్రానికి అరికాలి నిండా బొబ్బలు చూసుకున్నవారు ఉన్నారు. తెల్లవారుజామునో పొద్దుగూకాకో దర్శనానికి వెళ్ళడం, మందపాటి సాక్సులు వేసుకోవడం, తిరిగి రాగానే అరికాలు తడిమి చూసుకోవడం వారు పాటించదగిన జాగ్రత్తలు. సాక్సులు కాలిన బండ వేడిని పూర్తిగా ఆపలేవు కాబట్టి వేళ మార్చుకోవడమే ముఖ్యం. జోడు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి రాయి, మేకు కొన, మడతపడిన అట్ట ఉన్నాయేమో చూడాలి. కొత్త జతను మొదటి వారం గంటా రెండు గంటల చొప్పున వేసుకుని, విప్పగానే పాదాలను వెలుతురులో పరీక్షించాలి. వంగి చూసుకోలేని పెద్దవారికి నేల మీద అద్దం పెట్టి చూపించవచ్చు, లేదా ఇంట్లోవారు ఫోనుతో ఫొటో తీసి చూడవచ్చు. విప్పిన అరగంటకు కూడా ఎర్రదనం పోకపోతే ఆ జత సరిపోలేదని అర్థం. చర్మం చిట్లితే మర్నాటి దాకా ఆగకుండా డాక్టరుకు చూపించాలి.